రెండు చెవులు, రెండు శ్రుతులు

ఈ నెల ఉత్తరాలన్నీ కాక్లియర్ ఇంప్లాంట్ చుట్టూనే తిరిగాయి. వినికిడి పోయినవాళ్లకి ఆపరేషన్ చేసి చెవి లోపల తీగ పెట్టి, కరెంటుతో నాడులకి శబ్దం అందించే పరికరం అది. పోయిన సంచికలో నాకు రెండు చెవులకూ ఇంప్లాంట్లు ఉన్న సంగతి మాటల్లో బయటపడింది కదా, దాని ఫలితం. ఒక మాట ముందే చెబుతాను. నేను డాక్టర్ని కాను, వినికిడి పరీక్షించి ఈ మెషీన్లని సరిచేసే ఆడియాలజిస్టునీ కాను. ముప్పై దాటాక వినికిడి పోయి, ముందు కుడి చెవికీ, కొన్నేళ్లకి ఎడమ చెవికీ ఇంప్లాంట్ పెట్టించుకున్న మనిషిని. చెవులు బాగున్న రోజుల్లో పిల్లలకి లెక్కలు చెప్పేదాన్ని, సాయంత్రాలు కాస్త పాడేదాన్ని. కాబట్టి ఈ జవాబుల్లో లెక్కలూ దూరుతాయి, స్వరాలూ దూరుతాయి. ఉత్తరాల్లోంచి పేర్లు, ఊర్లు తీసేశాను.

ప్రశ్న: నా ఎడమ చెవికి ఇంప్లాంట్ పెట్టి చాలా ఏళ్లయింది. దాంతో హాయిగానే ఉన్నాను. పోయిన ఏడాది కుడి చెవికీ పెట్టించుకున్నాను. ఇప్పుడు ఒకే కాలింగ్ బెల్ ఎడమ చెవిలో ఒక శ్రుతిలో, కుడి చెవిలో అంతకంటే బాగా పైశ్రుతిలో వినిపిస్తోంది. రెండూ పెట్టుకుంటే మా ఆవిడ ఒక్కతే మాట్లాడుతున్నా ఇద్దరు మాట్లాడుతున్నట్టు ఉంటోంది. కొత్త మెషీన్ పాడైందా? ఆపరేషన్‌లో ఏదైనా తేడా జరిగిందా?

జవాబు: రెండూ కాకపోవడానికే అవకాశం ఎక్కువ. అలాగని మీరు ఊహించుకుంటున్నారనీ కాదు. మీకు నిజంగానే రెండు శ్రుతులు వినిపిస్తున్నాయి. కారణం మిల్లీమీటర్లలో ఉంది.

లోపలి చెవిలో కాక్లియా అనే సన్నటి గొట్టం రెండున్నర చుట్లు చుట్టుకుని ఉంటుంది. చుట్టు విప్పి కొలిస్తే దాదాపు 35 మిల్లీమీటర్లు. దాని మొదట్లో, అంటే మధ్యచెవికి దగ్గరగా ఉన్న చోట, కీచు శబ్దాలు పలుకుతాయి. లోపలికి వెళ్లేకొద్దీ శ్రుతి దిగుతూ, చిట్టచివర మంద్రం పలుకుతుంది. గొట్టంలో ఏ చోటి నాడి మేల్కొంటే మెదడు ఆ శ్రుతి అనుకుంటుంది. శబ్దాన్ని బట్టి ఈ గొట్టంలో ఒక్కో చోట కదలిక ఎక్కువవుతుందని గెయోర్గ్ ఫాన్ బెకెషీ అనే శాస్త్రవేత్త చనిపోయినవాళ్ల చెవుల్లో మైక్రోస్కోప్ పెట్టి చూశాడు. ఆ పనికే 1961లో ఆయనకి నోబెల్ వచ్చింది.

ఇంప్లాంట్ నడిచేది ఈ చోటు లెక్క మీదే. కాక్లియాలోకి దూర్చిన తీగ మీద వరసగా ఎలక్ట్రోడ్లు, అంటే నాడులకి కరెంటు అందించే బిందువులు, ఉంటాయి. బయట చెవి వెనక ఉన్న ప్రాసెసర్ వచ్చిన శబ్దాన్ని పాయలుగా విడగొట్టి, మంద్రం పాయని లోపలి చివర ఎలక్ట్రోడ్‌కీ, కీచు పాయని మొదటి ఎలక్ట్రోడ్‌కీ పంపుతుంది. చిక్కు ఎక్కడంటే, ఆ ఎలక్ట్రోడ్ గొట్టంలో సరిగ్గా ఎక్కడ కూర్చుందో ప్రాసెసర్‌కి తెలియదు. ఫలానా పాయ ఫలానా నంబరుకి పంపమని దానికి చెప్పారు, అది పంపుతుంది, అంతే.

ఇక లెక్క. కాక్లియాలో చాలా భాగం వరకు సుమారు 5 మిల్లీమీటర్ల దూరానికి ఒక స్థాయి, అంటే కింది స నుంచి పై స దాకా, సరిపోతుంది. ఒక స్థాయిలోని 12 స్వరస్థానాలు, అంటే కీబోర్డ్ మీద వరసగా 12 మెట్లు, 5 మిల్లీమీటర్లలో ఇమిడాయంటే ఒక్క మిల్లీమీటరుకి దాదాపు రెండున్నర స్వరస్థానాలు. మీ కుడి చెవిలో తీగ ఎడమ చెవిలో కంటే 2 మిల్లీమీటర్లు ఇవతలే ఆగిందనుకుందాం. ఐదు స్వరస్థానాల తేడా వచ్చేసింది. ఎడమ చెవిలో స అయితే కుడి చెవిలో శుద్ధ మధ్యమం. 2 మిల్లీమీటర్లంటే సర్జన్ తప్పు చేసినట్టు కాదు. కాక్లియా పొడవు మనిషి మనిషికీ మారుతుంది, తీగ పొడవు మోడల్ మోడల్‌కీ మారుతుంది, లోపల నాడులు ఎక్కడ బతికి ఉన్నాయి ఎక్కడ పోయాయి అన్నది చెవి చెవికీ మారుతుంది. పైగా మీకు రెండు ఆపరేషన్ల మధ్య ఏళ్లు గడిచాయి. రెండు వైపులా ఒకే మోడల్ ఉందో లేదో మీ కాగితాల్లో చూసుకోండి.

మరి ఎడమ చెవి ఇన్నాళ్లూ సరిగ్గానే వినిపించింది కదా అంటారు. స్విచ్ ఆన్ చేసిన రోజులు గుర్తు తెచ్చుకోండి. అప్పుడు అదీ కీచుగానే ఉండి ఉంటుంది. చాలామందిలో తీగ కాక్లియా చివరిదాకా వెళ్లదు. 200 హెర్ట్జ్ (సెకనుకి 200 ప్రకంపనలు) పాయ మోసే ఎలక్ట్రోడ్ కూర్చున్న చోటు పుట్టుకతో 500కో, 1000కో చెందినదై ఉంటుంది. అందుకే మొదట్లో అందరి గొంతులూ పైకెక్కి వినిపిస్తాయి. నా కుడి చెవి స్విచ్ ఆన్ అయిన రోజు మా ఆయన గొంతు పదేళ్ల పిల్లాడి గొంతయింది. పాపం ఆయన కళ్లనీళ్లు పెట్టుకుని మాట్లాడుతున్నాడు, నాకేమో నవ్వు ఆగలేదు. నెలలు గడిచేకొద్దీ ఆ గొంతు కిందికి దిగింది. ఎలక్ట్రోడ్ కదల్లేదు, మెదడే సర్దుకుంది. మీ ఎడమ చెవికి ఆ సర్దుబాటు ఎప్పుడో అయిపోయింది. కుడి చెవికి ఇప్పుడే మొదలైంది. అందరిలోనూ ఇది పూర్తిగా జరుగుతుందని మాటివ్వలేను. కొందరిలో తేడా చాలావరకు కరిగిపోతుంది, కొందరిలో కొంత మిగిలిపోతుంది.

ఈలోగా మీరు చేయగలిగింది ఒకటుంది. ఒక కీబోర్డో, ఫోన్‌లో కీబోర్డ్ యాపో తీసుకోండి. కుడి ప్రాసెసర్ తీసేసి, మధ్యలో ఒక మెట్టు నొక్కి ఎడమ చెవితో వినండి. రెండు మూడుసార్లు నొక్కి మనసులో నిలుపుకోండి. ఇప్పుడు ఎడమది తీసి కుడిది పెట్టుకుని, అదే శ్రుతి అనిపించే మెట్టు కోసం వెతకండి. నాలుగు మెట్లు కిందికి వెళ్తే కలిసిందా, ఆరు మెట్లా, అసలు ఎక్కడా కలవలేదా, రాసుకోండి. ఇంకో రెండు చోట్ల, కింది స్థాయిలో ఒకటి, పైస్థాయిలో ఒకటి, అలాగే చేయండి. ఆ చీటీ పట్టుకుని ఆడియాలజిస్టు దగ్గరికి వెళ్లండి. "ఏదో తేడాగా ఉందండీ" అంటే ఆవిడ కూడా ఏదో చేస్తుంది. "ఇక్కడ నాలుగు మెట్ల తేడా ఉంది, పైన లేదు" అంటే ఎక్కడ చెయ్యి పెట్టాలో తెలుస్తుంది. కీబోర్డ్ స్వరం ఒక్క ఎలక్ట్రోడ్‌ని కాదు, చాలావాటిని ఒకేసారి కదిలిస్తుంది కాబట్టి ఇది ముతక కొలతే. అసలు కొలత ఆవిడ చేయాలి. ఎడమలో ఒక ఎలక్ట్రోడ్, కుడిలో ఒక ఎలక్ట్రోడ్, జతజతగా పలికించి ఏది పైన ఏది కింద అని మిమ్మల్ని అడుగుతుంది.

దానికంటే ముందు రెండు చెవుల్లో గట్టితనం సమానం చేయమని అడగండి. ఇంప్లాంట్‌లో కరెంటు మోతాదు మారితే గట్టితనంతో పాటు శ్రుతి కూడా కాస్త జరిగినట్టు అనిపిస్తుంది. కొన్ని ఫిర్యాదులు అక్కడే తగ్గొచ్చు. ఆ తర్వాత కూడా తేడా ఉంటే ఏ పాయ ఏ ఎలక్ట్రోడ్‌కి వెళ్లాలన్న పట్టికని జరపొచ్చు, గోల చేసే ఎలక్ట్రోడ్‌ని ఆపేయొచ్చు. సీటీ స్కాన్‌లో ఎలక్ట్రోడ్ల చోటు చూసి దాన్ని బట్టి పట్టిక రాసే పద్ధతి కూడా ఇప్పుడుంది. కాకపోతే వారానికోసారి మ్యాపింగ్, అంటే ఈ పట్టిక, మార్పించుకోకండి. మెదడు ఒక పట్టికకి అలవాటు పడేలోగా ఇంకోటి ఇస్తే అది దేనికీ అలవాటు పడదు. రోజూ కాసేపు కొత్త చెవి ఒక్కదానితోనే వినండి, విసుగొచ్చినా సరే.

ఒక్క సందర్భంలో మాత్రం ఆగొద్దు. ఇన్నాళ్లూ నిలకడగా ఉన్న చెవిలో ఉన్నట్టుండి శ్రుతి మారితే అది అలవాటు సంగతి కాదు. వెంటనే వెళ్లి ఎలక్ట్రోడ్లన్నీ పరీక్ష చేయించుకోండి.

"ఇద్దరు మాట్లాడుతున్నట్టు ఉంది" అన్నారు కదా. మీకు కనీసం తేడా తెలుస్తోంది. దీనికి ఎదురు రకం కూడా ఉంది, అదే నాకు ఎక్కువ చిత్రంగా తోస్తుంది. అమెరికాలో ఒరెగాన్‌లో లీనా రైస్ అనే పరిశోధకురాలి బృందం ఇంప్లాంట్ వాడేవాళ్లకి రెండు చెవుల్లో రెండు వేరువేరు శ్రుతులు ఒకేసారి వినిపించి, ఎన్ని వినిపించాయని అడిగింది. వినికిడి బాగున్నవాళ్లయితే కొద్దిపాటి తేడాకే రెండని చెప్పేస్తారు. ఇంప్లాంట్ వాళ్లలో చాలామంది స నుంచి పై స దాకా ఉన్న దూరానికి మించి తేడా ఉన్నా ఒకటే అన్నారు. ఆ ఒక్కటి కూడా ఎడమదీ కాదు, కుడిదీ కాదు, రెంటికీ మధ్యలోది. అంటే ఏ చెవిలోనూ పలకని శ్రుతిని మెదడు తయారు చేసుకుంటోంది. అలా కలిసిపోవడం వినడానికి సుఖంగానే ఉంటుంది గానీ, ఇద్దరు మనుషులు ఒకేసారి మాట్లాడితే వాళ్ల గొంతులు కూడా కలిసిపోతాయి. కాబట్టి మీ ఇద్దరు ఆవిడల్ని మరీ తిట్టుకోకండి.

ప్రశ్న: నేను చిన్నప్పటి నుంచి పాడేవాణ్ణి. రెండు ఇంప్లాంట్లతో ఇప్పుడు మాట చక్కగా అర్థమవుతోంది, ఫోన్‌లో కూడా. తాళం ఒక్క దెబ్బ కూడా తప్పకుండా తెలుస్తోంది. కానీ స, రి తేడా తెలియడం లేదు. ఒక చెవికి తెలియనిది రెండు చెవులకి కలిపి తెలియాలి కదా? ఏం పొరపాటు చేస్తున్నాను?

జవాబు: మీ పొరపాటేం లేదండీ. మీ ఉత్తరం చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను, ఎందుకంటే ఇది నా ప్రశ్న కూడా.

మీరు అడిగిన స, రి తోనే లెక్క వేద్దాం. కీబోర్డ్ మధ్యలో ఉన్న సి మెట్టుని స అనుకుంటే అది 262 హెర్ట్జ్. శుద్ధ రిషభం 277. చతుశ్రుతి రిషభం 294. సాధారణ గాంధారం 311. ఎక్కువమంది వాడే 22 ఎలక్ట్రోడ్ల సెట్టింగులో అన్నిటికంటే కింది పాయ 188 నుంచి 313 హెర్ట్జ్ వరకు ఉంటుంది. అంటే స, రి, ఇంకో రి, గ, ఈ నాలుగు మెట్ల మూలస్వరాలూ వెళ్లి ఒకే ఎలక్ట్రోడ్ మీద పడుతున్నాయి. నాలుగింటికీ గొట్టంలో చోటు ఒకటే. చోటు ద్వారా శ్రుతి చెప్పే యంత్రం ఆ నాలుగింటినీ వేరు చేసి ఎలా చెబుతుంది?

పూర్తిగా చెప్పదని కాదు. ఏ స్వరమైనా ఒంటరిగా రాదు. 262 పలికితే దాని రెట్టింపు 524, మూడు రెట్లు 786, అలా పై అంతస్తుల్లో అనుస్వరాలు కూడా పలుకుతాయి. ఆ అనుస్వరాలు పక్క పాయల్లోకి దొర్లినప్పుడు రంగు కొద్దిగా మారుతుంది. మీరూ నేనూ పట్టుకునేది ఆ రంగు మార్పునే. స నుంచి రికి వెళ్తే "పైకెళ్లింది" అనిపించకపోయినా "ఏదో మారింది" అనిపిస్తుంది చూడండి, అదే ఇది. ఒక్కోసారి పైకి వెళ్లిన స్వరం కిందికి వెళ్లినట్టు వినిపించడమూ ఇందువల్లే. నాకు ఆరోహణలో ఒక చోట ఇప్పటికీ మెట్టు దిగినట్టే ఉంటుంది. అక్కడ నేను వేళ్లని నమ్ముతాను, చెవిని నమ్మను.

మామూలు చెవిలో ఈ పనికి దాదాపు 3,500 లోపలి రోమకణాలు (ప్రకంపనని పట్టి నాడికి అందించే కణాలు) ఉంటాయి. మనకి ఉన్నవి 12 నుంచి 22 ఎలక్ట్రోడ్లు. అవైనా దేనికదిగా పనిచేస్తే బాగుండేది. కాక్లియా నిండా ఉప్పునీటి లాంటి ద్రవం ఉంటుంది. గట్టు లేని మడికి పెట్టిన నీరు పక్క మళ్లలోకీ పారినట్టు, ఒక ఎలక్ట్రోడ్ కరెంటు పక్కవాటి నాడులనీ తడుపుతుంది. అందుకే 22 ఉన్నా మాట వినడానికి పనికొచ్చేవి ఎనిమిది పాయలకి మించవని 2001లో వచ్చిన పరిశోధన ఒకటి తేల్చింది.

ఎనిమిదితో మాట ఎలా అర్థమవుతోందంటారా? మాటకి అంతకంటే అక్కర్లేదు. 1995లో రాబర్ట్ షానన్ అనే పరిశోధకుడి బృందం మాటలోంచి శ్రుతి వివరాలన్నీ తుడిచేసి, నాలుగే పాయల్లో హెచ్చుతగ్గులు మాత్రం ఉంచి వినిపిస్తే మామూలు చెవులున్నవాళ్లు వాక్యాలు దాదాపు పూర్తిగా చెప్పేశారు. 2002లో ఇంకో ప్రయోగం. ఒక శబ్దపు పైపై హెచ్చుతగ్గుల్నీ, ఇంకో శబ్దపు లోపలి సన్నని ప్రకంపనల్నీ అతికించి వినిపించారు. మాట విషయంలో జనం హెచ్చుతగ్గుల వైపు వెళ్లారు, రాగం విషయంలో సన్నని ప్రకంపనల వైపు వెళ్లారు. మన ప్రాసెసర్లు హెచ్చుతగ్గుల్ని ఉంచుకుని సన్నని ప్రకంపనల్ని చాలావరకు పారేస్తాయి. మాట నిలిచింది, తాళం నిలిచింది, రాగం పోయింది. యంత్రం చేసినవాళ్లని తప్పుపట్టలేం. మాట కోసమే దాన్ని చేశారు.

ఎలక్ట్రోడ్ ఆగి ఆగి పంపే కరెంటు తుళ్లింపుల వేగంతో శ్రుతి చెప్పొచ్చు కదా అని మీలాంటివాళ్లు అడుగుతారు. చెప్పొచ్చు, కొంతవరకే. ఒకే ఎలక్ట్రోడ్ మీద తుళ్లింపుల వేగం పెంచుతూ పోతే శ్రుతి పెరిగినట్టే వినిపిస్తుంది, కానీ చాలామందికి సెకనుకి 300 దాటాక ఇక పెరగదు. మీ మధ్య స్థాయి షడ్జమే 262. ఆ పైన మిగిలింది రెండు మూడు మెట్లు! కింది పాయల్లో తుళ్లింపుల్ని శబ్దపు ప్రకంపనకి తగ్గట్టు పంపే పద్ధతులు కొన్ని ప్రాసెసర్లలో ఉన్నాయి. అది మీ మెషీన్‌లో ఉందేమో అడిగి చూడండి. కొందరికి పనికొస్తుంది.

ఇక రెండు చెవుల సంగతి. రెండు చెవులు ఒకే శ్రుతి చెబితేనే కలిసి బలం. మీ రెండు చెవుల్లో శ్రుతి వేరైతే, స్వరం విషయంలో రెండోది సాయం చేయకపోగా అడ్డం వస్తుంది. రెండో ఇంప్లాంట్ ఇచ్చే లాభం వేరే చోట ఉంది. గోలలో మాట, పిలుపు ఎటు నుంచి వచ్చిందో. అది కూడా ముఖ్యంగా ఏ చెవిలో గట్టిగా ఉందన్న దాని మీదే తెలుస్తుంది. శబ్దం ఒక చెవికి ముందు, ఇంకో చెవికి వెనక చేరే తేడా మహా అయితే సెకనుని పదివేల వంతులు చేస్తే అందులో ఆరేడు వంతులు. మామూలు చెవులు అందులో అతి సూక్ష్మమైన తేడాని కూడా పట్టుకుంటాయి. మన రెండు ప్రాసెసర్లు ఒక గడియారం మీద నడవవు, కాబట్టి ఆ తేడా దారిలోనే చెదిరిపోతుంది. అది అందాలన్నా రెండు చెవుల్లోనూ ఒకే శ్రుతి చోటు కదలాలి. చూశారా, మళ్లీ ఆ మిల్లీమీటర్ల దగ్గరికే వచ్చాం.

అందువల్ల నా సలహా మొండిగా ఉంటుంది. పాటకి ఒక్క చెవి పెట్టి చూడండి. తెలిసిన పాట ఒకటి ఎడమతో, కుడితో, రెంటితో వినండి. నాకు పాటకి కుడి చెవి ఒక్కటే నయం. నలుగురూ కూర్చుని మాట్లాడుకునే చోట రెండూ లేనిదే నడవదు. వినడానికి ఒకే గొంతు, పక్కన ఒకటో రెండో వాద్యాలు ఉన్నవి ఎంచుకోండి. వాద్యాల గుంపు వద్దు. చెవులు బాగున్న రోజుల్లో వందసార్లు విన్న పాటలైతే సాహిత్యం చూస్తూ వినండి. జ్ఞాపకం చాలా స్వరాల్ని పూరిస్తుంది. అది మోసమని కొందరంటారు. నేననను. మోసమైనా మంచి మోసం.

కొత్త పాటలు మాత్రం, నిజం చెప్పాలంటే, నాకు ఇంకా పాటలు కాలేదు. తాళం వేసుకుంటూ మాటలు వింటాను.

ప్రశ్న: 12 ఎలక్ట్రోడ్ల కంపెనీ మంచిదా, 22 ఎలక్ట్రోడ్ల కంపెనీ మంచిదా? శ్రుతి స్పష్టంగా తెలియాలంటే ఏది?

జవాబు: పై జవాబు చదివితే సగం తెలిసిపోతుంది. కరెంటు పక్కకి పారే ద్రవంలో నంబరు ఒక్కటే చూసి లాభం లేదు. పక్కపక్క ఎలక్ట్రోడ్లలో కరెంటు పంచి మధ్యలో ఒక శ్రుతి పలికించే పద్ధతులూ ఉన్నాయి, లోతుగా వెళ్లే పొడవాటి తీగలూ ఉన్నాయి. ఏ కంపెనీ వాళ్లు చూపించే పట్టిక ఆ కంపెనీకే అనుకూలంగా ఉంటుంది. ఒకటే అడుగుతాను. ఒక చెవికి ఇప్పటికే ఉంటే, రెండో చెవికి వేరే కంపెనీది పెట్టించుకునే ముందు, రెండు ప్రాసెసర్లనీ కలిపి మ్యాపింగ్ చేసే మనిషి మీకు అందుబాటులో ఉన్నారో లేదో కనుక్కోండి.

ప్రశ్న: మా పాపకి పుట్టుకతోనే వినికిడి లేదు. ఏడాది నిండిన కొద్ది రోజులకే రెండు చెవులకీ ఒకేసారి ఇంప్లాంట్ పెట్టించాం. ఇప్పుడు నాలుగేళ్లు. పాటలంటే పిచ్చి, రోజంతా పాడుతుంది, కానీ శ్రుతిలో ఉండదు. తనకి పాట ఎలా వినిపిస్తోంది? సంగీతం నేర్పించొచ్చా?

జవాబు: నేర్పించండి.

తనకి ఎలా వినిపిస్తోందన్నది మీరు గానీ నేను గానీ పూర్తిగా ఊహించలేం. నాకు పాత చెవి జ్ఞాపకం ఉంది, అందుకే కొత్త దాంట్లో ఏం పోయిందో తెలుస్తుంది, తెలిసి ఏడుస్తాను. మీ పాపకి పోల్చుకోవడానికి పాతదేదీ లేదు. తన స తన సే. పెద్దయ్యాక చెవులు పోయినవాళ్లలో ఎక్కువమంది ఇంప్లాంట్ తర్వాత పాటలు వినడం తగ్గించేస్తారు. చిన్నప్పుడే పెట్టించుకున్న పిల్లలు సంగీతాన్ని ఇష్టంగా వింటారు, ఆడతారు, పాడతారు. స్వరాల్లో తేడా కొలిస్తే మాత్రం తోటి పిల్లల కంటే వెనకే ఉంటారు. ఇష్టానికీ కొలతకీ సంబంధం లేదు.

రెండు చెవులకీ ఒకేసారి పెట్టించడం మంచిదైంది. టొరంటోలో పిల్లల మెదడు స్పందనలు కొలిచిన పరిశోధకులు, ఒక చెవికి పెట్టి రెండోదానికి ఏడాదిన్నరకి మించి ఆలస్యం చేస్తే మెదడు మొదటి చెవి వైపే మొగ్గిపోతుందని 2013లో చెప్పారు. మీ పాపకి ఆ పక్షపాతం ఉండదు. తీగలు రెండు వైపులా కాస్త ఎక్కువతక్కువ లోతులో ఉన్నా, తన మెదడు రెండింటినీ మొదటి నుంచీ జతగానే నేర్చుకుంటోంది.

నేర్పేటప్పుడు ఒక కిటుకు చెబుతాను. స, రితో మొదలుపెట్టకండి. ఎందుకో పైన లెక్క వేశాం. స, పై స మధ్య దూరంతో మొదలుపెట్టండి. ఏది పైది, ఏది కిందిది అన్న ఆట ఆడించండి, చేత్తో పైకి కిందికి చూపిస్తూ. అది వచ్చాక స, ప. తర్వాత స, మ. దూరం మెల్లగా తగ్గించండి. ఇలాంటి సాధనతో పిల్లల్లో తేడా పట్టే శక్తి పెరుగుతుంది. కీబోర్డ్ దగ్గర కూర్చోబెడితే ఇంకా మంచిది. గొంతులో శ్రుతి తప్పినా వేలు కింద మెట్టు తప్పదు, కన్ను చెవికి సాయం చేస్తుంది. తాళంలో తను మీ అందరికంటే బాగుంటే ఆశ్చర్యపోకండి. ఒక మనవి. చుట్టాల ముందు పాడించి "శ్రుతి చూడు తల్లీ" అనకండి. తను చూడలేని దాన్ని చూడమంటే ఏం చూస్తుంది?

ప్రశ్న: మా నాన్నగారికి రెండు ఇంప్లాంట్లు. నేను మామూలుగా అన్నా కోపంగా అన్నావంటారు, కోపంగా అంటే పట్టించుకోరు. వయసు వల్లా, ఇంప్లాంట్ వల్లా?

జవాబు: మీ నాన్నగారిని నేనెరగను గానీ, ఇంప్లాంట్‌కి ఇందులో వాటా ఉంది. కోపం, వెటకారం, గారం, ఇవన్నీ మాటలో కంటే గొంతు ఎక్కి దిగడంలో ఉంటాయి. మగ గొంతు సుమారు 120 హెర్ట్జ్ దగ్గర, ఆడ గొంతు 200 దాటి ఉంటుంది. ఆ రెంటికీ మధ్య ఉన్నంత దూరం మాకు మామూలుగా అందుతుంది. ఒకే గొంతులో నాలుగైదు స్వరస్థానాల ఎగుడుదిగుడు అందరికీ అందదు. అందనప్పుడు గట్టితనం మీదే ఆధారపడతాం. మీరు గట్టిగా మాట్లాడితే కోపం, మెల్లగా పళ్లు కొరికితే శాంతం!

తెలుగులో ప్రశ్న విషయంలో మాకు కొంత అదృష్టం ఉంది. "తిన్నావా" అన్నప్పుడు చివరి దీర్ఘమే ప్రశ్న అని చెప్పేస్తుంది, శ్రుతి లేకపోయినా ఫర్వాలేదు. కోపానికి అలాంటి దీర్ఘం ఏదీ లేదు. కాబట్టి ఎదురుగా కూర్చుని, మొహం కనిపించేలా మాట్లాడండి. కోపం వస్తే "నాన్నా, నాకు కోపం వచ్చింది" అని నోటితోనే చెప్పండి. మా ఇంట్లో అలాగే చెప్పుకుంటాం. వినడానికి వింతగా ఉంటుంది, గొడవలు మాత్రం తగ్గాయి.

ప్రశ్న: ఫోన్ నుంచి పాటలు బ్లూటూత్‌లో నేరుగా రెండు ప్రాసెసర్లకీ పంపుకుంటున్నాను. కొన్ని పాటల్లో ఒక వాద్యం ఒక చెవిలోనే వచ్చి శ్రుతి చెడినట్టు ఉంటోంది. మైక్రోఫోన్‌తో వింటే అంత లేదు.

జవాబు: స్టీరియో వల్ల. రికార్డింగులో కొన్ని వాద్యాల్ని ఎడమకీ, కొన్నిటిని కుడికీ పంచుతారు. మామూలు చెవులకి అది విశాలంగా ఉంటుంది. మీ రెండు చెవులూ రెండు శ్రుతుల్లో ఉంటే, ఎడమ పడ్డ వీణ ఎడమ చెవి శ్రుతిలో, కుడి పడ్డ వయొలిన్ కుడి చెవి శ్రుతిలో పలుకుతాయి, మధ్యలో గాయకుడు రెంటిలోనూ పలుకుతాడు. మైక్రోఫోన్‌తో గదిలో వింటే అన్నీ కలిసి రెండు వైపులకీ చేరతాయి కాబట్టి అంత ఎబ్బెట్టుగా ఉండదు. ఫోన్ సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీ కింద మోనో ఆడియో అని ఉంటుంది, అది ఆన్ చేయండి. అప్పటికీ నచ్చకపోతే మీకు స్వరం బాగా తెలిసే చెవికి మాత్రమే స్ట్రీమింగ్ పెట్టుకుని, రెండోదాని మైక్రోఫోన్ తగ్గించుకోండి. పూర్తిగా ఆపేయకండి. వెనక నుంచి ఎవరైనా పిలిస్తే అదే పనికొస్తుంది.